మొదటి దమ్ము

మా బాపు గంజాయి తాగేవాడు. ఈ సంగతి మా క్వార్టర్ల వరుసలో ఎవరినడిగినా చెప్పేవారు. మా అమ్మ, మేము అవ్వ అనేవాళ్ళం, ఆమె కూడా తాగేదని మాత్రం ఎవరికీ తెలియదు. ఆ మాటకొస్తే అవ్వకే తెలియదు.

ఇదేం విడ్డూరం అంటారేమో. ఎనభైల్లో గోదావరిఖనిలో, బొగ్గుబావి కార్మికుల ఇళ్ళలో ఇది విడ్డూరమేమీ కాదు. బాపు ఫిల్లర్. పేల్చి పడగొట్టిన బొగ్గును తట్టలకెత్తి టబ్బులు నింపడం ఆయన పని. బావిలోకి దిగే ముందు ఒళ్ళంతా తడిమి చూసేవారు. బీడీ ముక్కో అగ్గిపుల్లో దొరికితే అంతే సంగతులు, లోపల గ్యాసు ఉంటుంది మరి. షిఫ్టు షిఫ్టంతా తంబాకు నమిలి సరిపెట్టుకుని పైకి వచ్చిన మనిషికి ఇల్లు చేరగానే చిలుం కావాలి. కానీ చెవుల లోపలిదాకా బొగ్గు మసి. స్నానం అయ్యేదాకా దేన్నీ ముట్టుకోవడానికి లేదు. అందుకని బాపు ఒంటి మీద నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వినబడగానే అవ్వ చిలుం తయారుచేసేది. ఆకు నలిపి, గింజలు ఏరేసి, కొంచెం తంబాకు కలిపి మట్టి గొట్టంలో కూరేది. అడుగున తడిగుడ్డ చుట్టి, పొయ్యిలోంచి చిన్న నిప్పు కణిక తీసి పైన పెట్టేది. చిలుం ఊరికే అంటుకోదు. గట్టిగా దమ్ములు లాగితేనే రాజుకుంటుంది. ఆ దమ్ములు అవ్వ లాగేది. పొగ వదిలి, కొంగుతో మూతి తుడుచుకుని, తల తుడుచుకుంటూ వచ్చిన బాపు చేతిలో పెట్టేది.

మా వరుసలో చాలామంది ఆడవాళ్ళు ఇలా చేసేవారు. దాన్ని అంటించుడు అనేవారు. పొయ్యి అంటించినట్టు, దీపం అంటించినట్టు అదొక ఇంటి పని. ఎవరూ దాన్ని తాగడం కింద లెక్కవేయలేదు.

ఒకే చిలుం, ఒకే ఆకు. అయినా ఇద్దరూ రెండు రకాలుగా మారేవారు. బాపుకు మాట పడిపోయేది. గోడకు ఆనుకుని, ఎవరేం అడిగినా తలూపి, అన్నం తిని, గురక పెట్టేవాడు. అవ్వకేమో మాట వచ్చేది. పొద్దంతా మోకాళ్ళ నొప్పులని మూలిగే మనిషి గిన్నెలు తోముతూ తన చిన్నప్పటి ముచ్చట్లు చెప్పేది, చెప్పిందే మళ్ళీ చెప్పేది. కూరలో ఉప్పు వేసిన సంగతి మరచిపోయి మళ్ళీ వేసేది. బాపు ఆ ఉప్పు కషాయాన్ని కిక్కురుమనకుండా తినేవాడు. అలాంటి రోజుల్లో మా ఇల్లు బాగుండేది. నాకు ఆ సాయంత్రాలంటే ఇష్టం, అబద్ధం ఎందుకు చెప్పాలి?

నేను ఇంటర్ చదువుతున్న ఏడు చలికాలంలో బాపు అయ్యప్ప మాల వేసుకున్నాడు. బావిలో మీద పడాల్సిన బండ పక్కన పడిందట, అప్పుడే మొక్కుకున్నాడట. ఆ రోజుల్లో మా దగ్గర అయ్యప్ప మాలలు కొత్తగా జోరందుకుంటున్నాయి. షిఫ్టుకు పోయే దారిలో నల్లబట్టలు కనబడేవి. చెప్పుల్లేకుండా బావి గేటు దాకా నడిచి వెళ్ళి, అక్కడ దేవుడికి దండం పెట్టుకుని బూట్లు తొడుక్కునేవారు, బూట్లు లేకుండా బావిలోకి దిగనివ్వరు కనుక. మాల వేసుకున్న మనిషిని ఇంట్లోవాళ్ళు కూడా స్వామీ అనే పిలవాలి. భార్య అయినా అంతే. అవ్వ మొదటి రోజు స్వామీ అని పిలవబోయి ఫక్కున నవ్వింది. బాపుకు కోపం వచ్చింది.

మడి ఆచారాలు అవ్వకు చేతకావని మా మేనత్త బెల్లంపల్లి నుంచి దిగింది. బాపుకు అక్క, పెద్దరికం ఎక్కువ, నోరు ఇంకా ఎక్కువ. తమ్ముణ్ణి ఏమని పిలవాలో తెలియక "తమ్మీ స్వామీ" అని పిలిచేది. వచ్చీ రాగానే ఇల్లంతా కడిగించి, చిలుమూ గంజాయి పొట్లమూ బయట పారేయించింది.

బాపు అలా మానేశాడు. ఒక్కసారిగా. మొదట కొన్నాళ్ళు చిరచిరలాడాడు, తర్వాత అదీ లేదు. పొద్దున్నే చన్నీళ్ళ స్నానం, పూజ, ఒంటిపూట భోజనం. ముఖం తేటపడింది. వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట, "గింతకాలం తాగినోడు ఒక్కనాడు ఇడిసిండంటే మాటలా, గుండె గట్టిది" అని. మేనత్త ఆ మాటలు తననే అంటున్నట్టు మురిసిపోయేది.

అవ్వ కూడా అదే రోజు మానేసింది. ఆ సంగతి ఆమెకు తెలియదు, మాకూ తెలియదు. మాకు కనబడిందల్లా ఆమె తిరుగుడే.

వరండా నుంచి గేటు దాకా, గేటు నుంచి నీళ్ళ నల్లా దాకా, మళ్ళీ వెనక్కి. కూర్చుంటే లేచేది, లేస్తే కూర్చునేది. పళ్ళెం ముందు పెట్టుకుని రెండు మెతుకులు తిని పక్కకు తోసేది. ఆ చలిలో కూడా జాకెట్టు చెమటతో తడిసిపోయేది. చేతులు వణికి గ్లాసు కింద పడితే గ్లాసును తిట్టేది, నన్ను తిట్టేది, ఆనక కూర్చుని ఏడ్చేది. "ఏమైందవ్వా?" అని అడిగితే "ఏమో బిడ్డా, లోపలంత పురుగులు తిరుగుతున్నట్టున్నది. నిద్ర వస్తలేదు. కండ్లు మూస్తె శానా పాడు కలలు" అనేది. ఆమెను చూసి చూసి నాకూ కాలు నిలిచేది కాదు. పుస్తకం తెరిచి ఒక పేజీ చదివి లేచిపోయేదాన్ని. ఇల్లంతా ఆమె నడకే. ఇప్పుడు ఇది రాస్తూ కూడా నేను చాలాసార్లు లేచి గదిలో తిరుగుతున్నాను.

అవ్వకు నెలసరి వచ్చింది. మాల ఉన్న ఇంట్లో ఉండకూడదని మేనత్త పట్టుబట్టింది. పక్క క్వార్టర్‌లో ఒక ముస్లిం మెకానిక్ భార్య ఉండేది, మేము ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాళ్ళం. ఆమె ఏ మాటా అనకుండా అవ్వకు తన వరండాలో మంచం వేసింది. పొద్దున నేను చాయ్ పట్టుకుని వెళ్తే ఖాలా నన్ను పక్కకు పిలిచింది.

"మీ అమ్మ అసలు పండుకోదు బేటీ. మంచం ఎక్కుతది, దిగుతది. నాకు ఫికర్ అయితున్నది. జల్ది దవాఖానకు తీస్కపోండ్రి."

బజారులో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్ళాం. బాపు నల్లబట్టల్లో ముందు నడిచాడు, అవ్వా నేనూ వెనక. డాక్టరు మాలను చూసి లేచి నిలబడి దండం పెట్టాడు.

"స్వామీ, మీకు ఏమన్న అలవాట్లున్నయా?" అని బాపును అడిగాడు.

"గంజాయి ఉండె డాక్టర్‌సాబ్. మాలేసుకున్ననాడే ఇడిసిన."

"ఏం తకలీఫ్ కాలేదా?"

"ఏం కాలె."

"శభాష్" అన్నాడు డాక్టరు. ఆ తర్వాత అవ్వ వైపు తిరిగి, "నెలసరి సక్రమంగా వస్తున్నదా అమ్మా?" అని అడిగాడు. అవ్వ తల దించుకుని ఊ అంది. నరాల బలహీనత అన్నాడు, ఈ వయసు ఆడవాళ్ళకు ఇలాగే ఉంటుందన్నాడు, ఎర్రటి టానిక్ రాశాడు. నాకు ఒళ్ళు మండింది గానీ ఎందుకు మండిందో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలుసు. ఆయన అడిగిన ప్రశ్నలు రెండూ మంచివే, అడగాల్సిన మనుషులు తారుమారయ్యారు. బాపును నెలసరి గురించి అడిగినా అంతకంటే నష్టమేమీ జరిగేది కాదు.

టానిక్ సగం సీసా అయిపోయినా అవ్వ నడక ఆగలేదు. ఒకనాడు దేవుడి ముందు పెట్టిన భిక్ష గిన్నె ఆమె చేయి తగిలి ఒలికిపోయింది. మేనత్త నెత్తీనోరూ బాదుకుంది.

"ఇది రోగం కాదు తమ్మీ స్వామీ. గాలి సోకింది. ఇంట్లకు దేవుడొచ్చేసరికి దానికి ఉండబుద్ధి అయితలేదు. రామగిరి దిక్కు ఒక మంత్రగాడున్నడు. తీస్కపోతె ఒక్క పూటల ఎల్లగొడ్తడు."

ఆ మంత్రగాడి సంగతి నాకు తెలుసు. మా వెనక వరుసలో ఒక ఆమెను అతని దగ్గరికే తీసుకుపోయారు. అరచేతుల్లో కర్పూరం వెలిగించి, నిజం చెప్పమని చింతబరికెతో కొట్టాడట. తిరిగొచ్చాక ఆమె చేతులు మానాయి గానీ ఆమె మునుపటిలా మాట్లాడలేదు. నల్లా దగ్గర ఎవరైనా గట్టిగా పిలిస్తే బిందె వదిలేసి కూలబడిపోయేది. మా అవ్వ కూడా అలా అయిపోతుందని భయం పట్టుకుంది నాకు. బాపుతో చెబితే, "మీ అత్తకు మనమీద పగున్నదా? మంచికే చెప్తది" అన్నాడు. శబరిమల ప్రయాణం దగ్గరపడుతోంది, ఆలోగా ఇంట్లో శాంతి కావాలి ఆయనకు. తీసుకుపోయే రోజు కూడా ఖాయమైంది.

ఈలోగా పూజ సామాన్లకని అవ్వా నేనూ బజారుకు వెళ్ళాం. తిరిగి వచ్చేటప్పుడు రైలు పట్టాల పక్కన గోడ వెంట నడుస్తున్నాం. అక్కడ ఎప్పుడూ నలుగురైదుగురు మగవాళ్ళు గొంతుక్కూర్చుని చిలుం తాగేవారు. ఆడవాళ్ళు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గబగబా దాటిపోయే చోటు అది. అవ్వ దాటలేదు. నిలబడిపోయింది. ముఖం గాలి వచ్చే వైపు తిప్పింది.

"కాళ్ళు గుంజుతున్నయి బిడ్డా. జరసేపు కూసుందాం."

"ఈడనా?"

"ఈడ్నే."

అక్కడ మురుగు పారే మోరీ గట్టు మీద కూర్చుంది. కళ్ళు మూసుకుంది. నిండా ఊపిరి పీల్చింది, మళ్ళీ పీల్చింది. ఒళ్ళో పెట్టుకున్న కొబ్బరికాయల మీద ఆమె చేతులు చూశాను. వణుకు లేదు. ఇన్నాళ్ళలో మొదటిసారి ఆమె కదలకుండా కూర్చుంది. అప్పుడు అర్థమైంది నాకు. చెప్పొద్దూ, ముందు సంతోషమే కలిగింది. దయ్యం కాదు, పిచ్చి కాదు. ఆ వెంటనే సిగ్గేసింది, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాను.

ఇంటి మలుపు దాకా ఆగి చెప్పేశాను. "అవ్వా, నీకు గంజాయి కావాలె. అది లేక నీకు గిట్లయితున్నది."

చెంప ఛెళ్ళుమంది. కొబ్బరికాయ ఒకటి రోడ్డు మీద దొర్లింది.

"మీ బాపు తాగుతడు. నేనెన్నడు తాగిన్నే?"

"రోజు లాగుతవు కదవ్వా."

"అది అంటించుడే!" అంది. నిజంగా నమ్మి అంది. ఆ ముఖంలో మోసం లేదు. ఎన్నో ఏళ్ళుగా రోజూ ఆ ఇంట్లో గంజాయి మొదట పోయింది ఆమె ఊపిరిలోకి, అయినా ఆమె దృష్టిలో తను చేసింది మొగుడి పని. నా చెంప మంట కంటే ఆ మాటకే నాకు ఎక్కువ ఏడుపొచ్చింది.

చాలా ఏళ్ళ తర్వాత, హైదరాబాదులో నాకు పరిచయమైన ఒక డాక్టరమ్మతో ఈ ముచ్చట చెప్పాను. ఆమె తాపీగా విన్నది. రోజూ గంజాయి తాగేవాళ్ళ మెదళ్ళ గురించి తెలిసినదాంట్లో చాలా భాగం మగవాళ్ళను చూసి తెలుసుకున్నదే అంది. ఆడవాళ్ళ మెదడు, మగవాళ్ళ మెదడు దానికి ఒకే తీరున అలవాటు పడకపోవచ్చు, మానేటప్పుడు ఆడవాళ్ళకు నిద్ర, ఆకలి, మనసు ఎక్కువగా చెదిరే వీలుంది, ఒంట్లో నెలనెలా జరిగే మార్పులకూ దీనికీ సంబంధం ఉండొచ్చు, కానీ ఇదీ అని ఇంకా గట్టిగా చెప్పలేం అంది. ఉండొచ్చు, కాకపోవచ్చు, చెప్పలేం. నాకు చిరాకేసింది. ఆమె మీద కాదు. మా వరుసలో ఎంతమంది ఆడవాళ్ళు చిలుం అంటించారు! వాళ్ళలో ఎవరి తల లోపల ఏం జరిగిందో ఎవరికి పట్టింది? ఒకామెకు మతిమరుపు, ఒకామెకు గాలి, ఒకామెది గయ్యాళితనం అన్నారు, అక్కడితో వదిలేశారు. అందరిదీ గంజాయే అని నేననడం లేదు. నాకేం తెలుసు? అడిగి ఉంటే తెలిసేదంటున్నాను. మా ఇంట్లో మాత్రం ఇద్దరు మనుషులు ఒకే చిలుం నుంచి ఒకే రోజు దూరమయ్యారు. ఒకరికి దండలు వేశారు, ఇంకొకరికి మంత్రగాణ్ణి మాట్లాడారు.

చెంపదెబ్బ తర్వాత అవ్వ నాతో మాట్లాడలేదు. మర్నాడు మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా ఎటో వెళ్ళింది. వచ్చేటప్పటికి కొంగుకు ఆ వాసన ఉంది. నాకు ఒక్కదానికే తెలిసింది, బొగ్గు పొయ్యిల పొగలో మేనత్త కనిపెట్టలేకపోయింది. గోడ పక్కన గట్టు మీద ఊరికే కూర్చుని వచ్చిందో, ఇంకేమైనా చేసిందో నేను అడగలేదు. ఆ పూట పళ్ళెం నిండా అన్నం పెట్టుకుని తిన్నది, ఆవకాయ అడిగి మరీ వేసుకుంది. తింటూ తింటూ చేయి ఆపి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, భయం ఉంది.

మేనత్త తను రోజూ అవ్వ నుదుట పెట్టిన విభూతి పనిచేసిందని చాటింపు వేసింది. పనిచేసింది కదా, ఇక మంత్రగాడు ఎందుకని నేనంటే, "సగం దిగింది, సగం దిగాలె" అంది. ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు మా వంశంలో లేరు. మర్నాటికల్లా అవ్వ మళ్ళీ వరండాలో తిరగడం మొదలుపెట్టింది.

అనుకున్న రోజు పొద్దున ఆటో వచ్చి గేటు ముందు ఆగింది. మేనత్త నిమ్మకాయలు, పసుపు, కొత్త బట్ట పెట్టిన సంచి ఆటోలో పెట్టింది. వరుసలో ఆడవాళ్ళు బకెట్లు పట్టుకుని నిలబడి చూస్తున్నారు. ఖాలా తన వరండాలోనే ఆగిపోయింది. బాపు స్నానం చేసి, నుదుట గంధంతో, గడపలో నిలబడ్డాడు. నేను ఆటో కడ్డీ పట్టుకున్నాను.

"అవ్వను పోనియ్య. ఆడ కొడతరు."

"పక్కకు జరుగు పోరీ, పెద్దోళ్ళ నడుమ నీకేంది?" అంది మేనత్త.

"బాపూ, నువ్వన్న చెప్పు!"

"స్వామి అనాలె" అన్నాడు బాపు.

అసలు సంగతి అరిచి చెప్పేద్దామనుకున్నాను. చెబితే వరుస మొత్తం వింటుంది, రేపటి నుంచి అవ్వకు నల్లా దగ్గర తల ఎత్తే దారి ఉండదు. చెప్పకపోతే ఆ మనిషి చేతికి పోతుంది. కడ్డీని అలాగే పట్టుకుని అవ్వ వైపు చూశాను. అవ్వ మెట్టు దిగింది, ఆటో దాకా వచ్చింది. ఒక కాలు లోపల పెట్టి ఆగింది. వెనక్కి తీసింది.

"నాకు ఏ గాలి సోకలె వదినే. నాకు గంజాయి కావాలె."

ఎవరో బకెట్ కింద పెట్టిన చప్పుడు వినబడింది. మేనత్త చెవులు మూసుకుంది. "స్వామియే శరణం! మాలున్న ఇంటి ముందట ఏం మాటలే ఇవి? ఇన్నవా తమ్మీ, దయ్యమే మాట్లాడుతున్నది."

బాపు నవ్వాడు. కోపంతో కాదు, నిజంగానే నవ్వొచ్చింది ఆయనకు. "నువ్వెన్నడు తాగినవే గంజాయి?"

అవ్వ ఆయన కళ్ళలోకి చూసింది.

"నువ్వు తాగిననాడల్ల తాగిన స్వామీ. నీకంటె ముందుగాల."

బాపు నవ్వు ఆగిపోయింది. తర్వాత గడప దిగి, ఆటోలోంచి సంచి తీసి మేనత్త చేతికిచ్చి, ఆటో అతన్ని వెళ్ళిపొమ్మన్నాడు. మేనత్త ఏదో అనబోయింది. ఆయన చేయి ఎత్తేసరికి ఊరుకుంది. వరుసలో ఆడవాళ్ళు కదల్లేదు. ఒకరిద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అవ్వ మెట్టు మీద కూర్చుంది. బాపు ఆ మెట్టు మీదే, దీక్షలో ఉన్నాడు కనుక జానెడు ఎడంగా కూర్చున్నాడు.

"గట్లయితె నాకు కూడ గిట్ల కావాలె కదనే," అన్నాడు మెల్లగా. "నాకెందుకేం కాలె?"

"గది నాకేమెరుక?" అంది అవ్వ. "నువ్వు పండుకున్నవు, నేను పండుకోలె. నాకు గంతే ఎరుక."